కడుపులో బల్ల, కడుపు మీద వాతలు

ఈ శ్రావణంతో ఆసుపత్రి పని మానేశాను. ముసలితనం వచ్చి కాదు, నాకింకా ముప్ఫై నిండలేదు. చెవులు పోయాయి. ఈ ఊరి చలిజ్వరం ఏటా నన్నూ పట్టింది. పట్టినప్పుడల్లా క్వినైన్ తాగాను. దానితో మొదలైన హోరు జ్వరం తగ్గాక కూడా చెవుల్లోనే ఉండిపోయింది. ఇప్పుడు ఎడమ చెవి పూర్తిగా పోయింది, కుడి చెవి సగం పనిచేస్తుంది. కడుపుతో ఉన్న మనిషి పొట్ట మీద గొట్టం పెట్టి లోపలి బిడ్డ గుండె వినలేని నర్సు ఆసుపత్రిలో ఉండకూడదు. ఈ మాట నాకెవరూ చెప్పలేదు. నేనే వెళ్ళి డాక్టరుగారికి చెప్పాను.

నా చోటికి రాబోయే అమ్మాయి ఎవరో తెలియదు. విశాఖపట్నంలో శిక్షణ ముగించుకుని వస్తుందన్నారు. ఆమెని ఎదురుగా కూర్చోబెట్టుకుని చెప్పే చొరవ నాకు లేదు. కొత్తవాళ్ళ ముందు నాకు నోరు పెగలదు, చిన్నప్పటి నుంచీ అంతే. మా నాన్నగారు బడిపంతులు. పెళ్ళయిన ఏడాదికే నేను బొట్టు లేకుండా ఇంటికి తిరిగి వస్తే, ఆయన ఓదార్పు మాట ఒక్కటీ అనకుండా తన పుస్తకాల పెట్టె తాళం నా చేతిలో పెట్టారు. అప్పటి నుంచి చదవడం, చదివింది ఎవరికీ చెప్పకపోవడం, పడుకోబోయే ముందు నాలుగు ముక్కలు రాసుకోవడం అలవాటయ్యాయి. నోటితో చెప్పలేనిది ఆ అలవాటు కొద్దీ ఇక్కడ రాస్తున్నాను.

కట్టు ఎలా కట్టాలో, కత్తెరలు ఎంతసేపు మరగబెట్టాలో శిక్షణలో చెప్తారు. అవి నేను రాయను.

వరండా

నర్సీపట్నంలో నర్సు పని డాక్టరుగారి గదిలో ఉంటుందనుకుని వస్తావు. కాదు, వరండాలో ఉంటుంది. తెల్లవారేసరికి రోలుగుంట వైపు నుంచీ బలిఘట్టం నుంచీ వచ్చిన బళ్ళు బయట నిలబడి ఉంటాయి. కొయ్యూరు వైపు కొండల నుంచి వచ్చినవాళ్ళు ముందురోజే బయల్దేరి, నడిచి నడిచి వచ్చి, స్తంభానికి ఆనుకుని నిద్రపోతుంటారు. లోపలికి వెళ్ళాక డాక్టరుగారితో వాళ్ళు చెప్పేది ఒక్క మాట, జ్వరమని. మిగతాదంతా వరండాలో నీతో చెప్తారు. నువ్వు అడిగితేనే చెప్తారు.

నేను పనిలో చేరిన కొత్తలో ఒక రైతు క్వినైన్ మందు సీసా పట్టుకెళ్ళి మూడో రోజుకే ఖాళీ సీసాతో వచ్చాడు. వారం రోజుల మందు అది.

"అప్పుడే ఎలా అయిపోయింది?" అన్నాను.

"ఇంటిల్లిపాదీ తాగీసినామమ్మా. ఎడ్లకీ కాస్త పట్టించినాను."

"ఎడ్లకి ఎందుకయ్యా?"

"ఆటికీ వొణుకొచ్చీసింది. ఇంట్లో మనుసుల్లాటివే గదమ్మా అవీని!"

వరండా అంతా నవ్వింది, నేనూ నవ్వాను. ఇంటికి వచ్చాక ఆలోచిస్తే నవ్వు పోయింది. నలుగురూ పంచుకుని తాగితే నలుగురిలో ఎవరికీ జ్వరం తగ్గదు. ఆ రైతుకి తెలివి లేక కాదు. మంచి వస్తువు ఇంటికి వస్తే అందరికీ పంచడం అతని మర్యాద. మందు అలా పంచేది కాదని అతనితో అంతకుముందు ఎవరూ అనలేదు.

ఇంకొకటి చేత్తో నేర్చుకోవాలి. ఇక్కడి పిల్లల్లో సగం మందికి కడుపులో ఎడమపక్క, డొక్క కింద గట్టిగా తగులుతుంది. చలిజ్వరం మళ్ళీ మళ్ళీ వస్తే లోపల ప్లీహం పెరిగి అలా గట్టిపడుతుంది. ఊళ్ళో దాన్ని బల్ల అంటారు. పిల్లవాణ్ణి వెల్లకిలా పడుకోబెట్టి, మోకాళ్ళు మడవమని, ఊపిరి పీల్చమని చెప్పి, డొక్క అంచు కింద వేళ్ళు ఆనిస్తే తెలుస్తుంది. ఎన్ని వేళ్ళ మందం దిగితే అంత పెరిగినట్టు. నీ చేతులు ముందుగా వెచ్చబెట్టుకో. చల్లటి చెయ్యి తగిలితే పిల్లలు కడుపు బిగబడతారు, నీకేమీ తెలియదు.

డాక్టరుగారి కోపం

చివరి కొద్దికాలం తప్ప, నేను పని చేసింది ఒకే డాక్టరుగారి కింద. ఆయన పేరు రాయను. జ్వరంతో తను వణుకుతూ కూడా వరండా ఖాళీ అయ్యేదాకా లేవని మనిషి. కొండమీద మన్యంవాళ్ళ పితూరీ నడిచిన రోజుల్లో మా వరండా నిండా జ్వరం పట్టిన పోలీసులు పడుకునేవారు. వాళ్ళ అధికారి వచ్చి తన వాళ్ళని ముందు చూడమంటే, "ఇక్కడ ఎవరి ఒళ్ళు ముందు కాలుతుంటే వాళ్ళే ముందు" అన్నారు. అంతటి మనిషి.

కానీ ఆయన కోపం వల్ల జరిగిన చెడు కూడా నేను చూశాను.

ఒకరోజు కొయ్యూరు వైపు నుంచి ఒకామె చంటిపిల్లని తెచ్చింది. గుడ్డ విప్పితే పిల్ల కడుపు మీద వరసగా వాతలు. బల్లకి ఇనప కడ్డీ కాల్చి వాతలు పెట్టించడం ఇక్కడ తాతల నాటి వైద్యం. డాక్టరుగారు చూసిన క్షణంలో ఒళ్ళు మరిచిపోయారు. పిల్లని వరండాలోకి తెచ్చి అందరికీ కనిపించేలా ఎత్తి పట్టుకున్నారు.

"చూడండమ్మా! ఈవిడ పిల్లని తెచ్చిందా, కాల్చిన వంకాయని తెచ్చిందా? కాల్చేవాడి దగ్గరికే వెళ్ళకపోయావా, నా దగ్గరికెందుకు? నువ్వు తల్లివా?"

ఆ తల్లి దగ్గరికి వచ్చింది. చేతులు చాపింది. పిల్లని ఇవ్వగానే గుడ్డలో చుట్టుకుని మెట్లు దిగి వెళ్ళిపోయింది. నేను గేటు దాకా పరుగెత్తాను, పిలిచాను. ఆమె ఆగలేదు, మళ్ళీ రాలేదు. ఆ పిల్ల బతికిందో లేదో తెలియదు.

డాక్టరుగారు అన్నదాంట్లో వైద్యం తప్పు లేదు. ఆ తర్వాత మా దగ్గరికి వాతలతో వచ్చేవాళ్ళు లేకుండా పోయారు. మందలింపు పనిచేసిందని ఆయన సంతోషించారు. వాతలు ఆగలేదు, వాతలు ఉన్నవాళ్ళు మా దగ్గరికి రావడం ఆగింది. ఈ తేడా ఆయనకీ నాకూ తెలియడానికి ఇంకో పిల్లవాడు కావలసివచ్చాడు.

ఆ రోజు ఆ వరండాలో కూర్చున్న ఆడవాళ్ళలో బలిఘట్టం పైడమ్మ కూడా ఉంది.

జమేదారు పెళ్ళాం

పైడమ్మని ఊళ్ళో అందరూ జమేదారు పెళ్ళాం అనేవారు. పొడుగు మనిషి. సొంత పొలంలో చెరుకు తనే దగ్గరుండి నరికించేది. భర్త సిపాయిగా చేరి జమేదారు దాకా ఎదిగి, పెద్ద యుద్ధంలో బస్రా పక్కన ఎక్కడో పోయాడు. అప్పటికి కొడుకు అప్పలనాయుడికి మాటలింకా సరిగ్గా రాలేదట.

ఆమె ఆ కొడుకుని వెంటబెట్టుకుని వచ్చేసరికి వాడికి పదకొండేళ్ళు దాటాయి. కాళ్ళకి బూట్లు. అవి పెద్దవై, ముందు భాగంలో గుడ్డపేలికలు కుక్కి ఉన్నాయి. రాళ్ళు పరిచిన వరండా మీద వాడు నడుస్తుంటే టకటకమని శబ్దం. అందరూ తలలు తిప్పి చూశారు.

"నర్సమ్మా, ఈడికి జొరం నేదు. అయినా సూడాల," అంది పైడమ్మ.

"జ్వరం లేకపోతే దేనికండీ?"

అప్పుడు చెప్పింది. ఉత్తరాదిన, కొండల కింద, మన దేశపు పిల్లల్ని చిన్నప్పుడే చేర్చుకుని పెద్ద మిలిటరీ ఆఫీసర్లుగా తయారుచేసే బడి కొత్తగా పెట్టారట. భర్త పనిచేసిన పటాలంలోని దొర, చనిపోయిన జమేదారు కొడుకుని అక్కడికి సిఫార్సు చేస్తానని రాశాడు. ఊళ్ళో ఇంగ్లీషు మేష్టరుగారు దరఖాస్తు రాసి పంపారు. అది అంగీకారమైంది. ఇక మిగిలింది ఒళ్ళు పరీక్ష. దీపావళి వెళ్ళాక విశాఖపట్నంలో పెద్ద డాక్టరు దొర చూస్తాడు. పన్నెండేళ్ళు నిండేలోగా చేరాలి. ఈ ఒక్క అవకాశమే.

వరండాలో పక్కన కూర్చున్న ఒక ముసలామె ఇదంతా విని బుగ్గలు నొక్కుకుంది.

"మొగుణ్ణి మింగీసినోల్లకే మల్లీ కొడుకునిచ్చీస్తావేటే, పైడీ? నీ గుండె రాయేటే?"

పైడమ్మ కొడుకు తలమీద చెయ్యి తీయకుండానే జవాబిచ్చింది.

"ఆడెలగ పోయినాడో ఆడి తోటోడొచ్చి సెప్పినాడత్తా. ముందుకెల్లండ్రా అని ఎనకాలున్నోడు సెప్పినాడట, ఈల్లెల్లినారట. సెప్పినోడు ఇంకా బతికే ఉన్నాడు. నాకు ఉత్తరం రాసినోడు ఆడే. నా కొడుకు సెప్పీవోడవ్వాల. ఎల్లీవోడు కాకూడదు."

"మరి రేపు కొండమీద మనోల్ల మీదకే ఎల్లమంటే?" ఇంకో మూల నుంచి ఎవరో అన్నారు.

"ఎల్లమని సెప్పీవోడు ఈడే అయితే, ఎల్లొద్దనీ ఈడే సెప్తాడు."

ముసలామె, "అమ్మో, ఇదే పెద్ద జమేదారు!" అంది. అందరూ నవ్వారు. పైడమ్మ కూడా నవ్వింది. ఆమె నవ్వడం నేను చూసింది అప్పుడే.

నేను ఎన్నో పుస్తకాలు చదివాను. యుద్ధం గురించి ఇంత సూటిగా ఎక్కడా చదవలేదు. ఆమె లెక్కలో తప్పుందేమో, ఆఫీసర్లు కూడా పోతారేమో. కానీ అందులో కొడుకు ప్రాణం తప్ప ఇంకే ఆశా లేదు. బిరుదు, జీతం, గొప్ప, ఏదీ ఆమె నోట రాలేదు.

డాక్టరుగారు పిల్లవాణ్ణి పడుకోబెట్టి చూశారు. పళ్ళు, కళ్ళు, ఛాతీ బాగున్నాయి. డొక్క కింద చెయ్యి పెట్టి ఆగారు.

"బల్ల ఉందమ్మా. నాలుగు వేళ్ళు దిగింది. దీనితో పంపితే ఆ దొర తలుపు దగ్గర నుంచే వెనక్కి పంపుతాడు. ఇప్పటి నుంచి దీపావళి దాకా ఒక్కరోజు మానకుండా క్వినైన్ పట్టించు. కరుగుతుంది."

పైడమ్మ నా వైపు తిరిగింది. "కరుగుతాదా, నర్సమ్మా?"

"కరుగుతుంది. నెమ్మదిగా," అన్నాను.

ఆమె చెయ్యి పట్టుకుని ఆ డొక్క కింద ఆనించాను. ఎక్కడ గట్టిగా ఉందో, దాని అంచు ఎక్కడో చూపించాను. ఇంట్లో తనే చూసుకుంటే మందు మీద నమ్మకం కుదురుతుందనుకున్నాను. అది నిజమే. ఇప్పుడైనా ఏ తల్లికైనా అలాగే చూపిస్తాను. వాతలు మాత్రం పెట్టించొద్దని కూడా గట్టిగా చెప్పాను. "అయ్యో, నానెందుకు పెట్టిస్తానమ్మా," అంది.

రెండు వేళ్ళు

వారం వారం వచ్చేవాళ్ళు. నేను చూసే ముందే పైడమ్మ చెప్పేసేది, "ఈ వోరం మూడున్నర." ఆ తర్వాత మూడు అంది, తర్వాత రెండున్నర. నేను చూస్తే సరిగ్గా అంతే ఉండేది. మందు తాగాక వాడి ముఖం ముడుచుకుపోయేది కానీ ఉమ్మేవాడు కాదు. తాగగానే బూట్లు దగ్గరగా చేర్చి, చెయ్యి నుదుటికి ఆనించి, "సార్!" అనేవాడు. అలా అంటే చేదు తగ్గుతుందని వాళ్ళమ్మ చెప్పిందట.

ప్రశ్నలు చాలా వేసేవాడు.

"నర్సమ్మా, దొర సెయ్యి సల్లగుంటాదా?"

"ఏమో. చల్లగా ఉన్నా బిగబట్టకు. నోరు తెరిచి ఊపిరి తీసుకో."

"బల్ల కరిగిపోతే, ఆ సోట్లో ఏటుంటాది మరి?"

"అన్నం ఉంటుంది. ఇంకొంచెం ఎక్కువ తినొచ్చు."

"అయితే బేగి కరిగించీ!"

నేను వాడికి ఇంగ్లీషులో నాలుగు వాక్యాలు నేర్పాను. పేరు చెప్పడం, వయసు చెప్పడం, తండ్రి ఎక్కడ పోయాడో చెప్పడం. ఆ చివరిది చెప్పేటప్పుడు వాడు తల్లి వైపు చూసేవాడు. పైడమ్మకి ఒక్క ముక్క అర్థం కాకపోయినా పెదాలు కదిపేది.

రోజూ పొద్దున్నే ఏటి ఒడ్డు వెంట పరుగెత్తిస్తోందని, గుడ్డు పెడుతోందని, నేల మీద కాక బల్ల మీద కూర్చోబెట్టి చెంచాతో అన్నం తినిపిస్తోందని వాడే చెప్పాడు. "సెంచాతో తింటే కడుపు నిండట్లేదండి. ఆనక సేత్తో మల్లీ తింటన్నాను," అన్నాడు గుట్టుగా.

దీపావళి ఇంకా మూడు వారాలుందనగా బల్ల రెండు వేళ్ళకి దిగింది. డాక్టరుగారు కూడా తృప్తిగా తల ఆడించారు. "ఇలాగే కానివ్వమ్మా. ఒక వేలు మిగిలినా దొర ఏమీ అనడు," అన్నారు. అది ఆయన ఇంగ్లీషు కలిపి, చేతులు కడుక్కుంటూ, గోడ వైపు తిరిగి అన్నారు. నేను మళ్ళీ తెలుగులో చెప్పాను. పైడమ్మ వింటూనే వేళ్ళు కొడుకు డొక్క కింద పెట్టి ఉంచింది.

ఆ తర్వాత వాళ్ళు రాలేదు. ఒక వారం రాకపోతే చెరుకు పని అనుకున్నాను. రెండో వారం బలిఘట్టం నుంచి వచ్చిన ఒకతెని అడిగితే, "గుంటడు బాగానే ఉన్నాడమ్మా, దడి అవతల్నుంచి సూసినాను," అంది. మందు సీసా నింపించుకోవడానికి ఎవర్నీ పంపలేదు. దీపావళి వెళ్ళిపోయింది.

తిట్టని రోజు

విశాఖపట్నం నుంచి వాళ్ళ బండి నేరుగా ఆసుపత్రికే వచ్చింది. పిల్లవాడు బండిలో గడ్డిమీద పడుకుని ఉన్నాడు. ఒళ్ళు కాలిపోతోంది. బూట్లు వాడి కాళ్ళకి లేవు, పైడమ్మ ఒళ్ళో ఉన్నాయి.

చొక్కా పైకి తీశాను. ఎడమ డొక్క కింద మూడు వాతలు. చీము పట్టి, చుట్టూ ఎర్రగా వాచి ఉన్నాయి.

"దొర సూసినాడు," అంది పైడమ్మ. "సొక్కా ఇప్పగానే సూసినాడు. ఏటో అన్నాడు. పక్కనున్న బంట్రోతు సెప్పినాడు, పనికిరాడు, ఎల్లండి అని. ఇంగిలీసులో పేరు సెప్తానని ఈడు నోరు తెరిసినాడు తల్లీ. ఇననేదు."

వచ్చే ఏటికి మళ్ళీ రావచ్చా అని అడిగితే, వచ్చే ఏటికి పన్నెండు దాటిపోతుందన్నారట.

నాకు అడగాలని లేదు. అడగకుండా ఉండలేకపోయాను. "ఎందుకు పెట్టించారు పైడమ్మగారూ? తగ్గుతోంది కదా?"

ఆమె నా ముఖం వైపే చూసి చెప్పింది. ఆ మాటలు ఆ రోజే రాసుకున్నాను, ఇప్పుడు చూడకుండా రాయగలను.

"సగం మీరు తగ్గించినారు. మిగిలిన సగం నాను తగ్గించుకుందారనుకున్నాను. రోజూ సూసీదాన్ని, రెండేల్లే. మర్నాడు సూస్తే మల్లీ రెండేల్లే. పోనే పోదు. రోజులు సూస్తే అయిపోతన్నాయి. వాతలేసీవోడు సెప్పినాడు, పెద్దదైతే మందు, సిన్నదైతే నిప్పు అని. నిప్పు మీద మందు ఏడి సేస్తాది, ఆపీమన్నాడు. ఆపీసేను."

మందు ఆపాక జ్వరం మళ్ళీ వచ్చింది. బల్ల మళ్ళీ పెరిగింది. చేతులు వెచ్చబెట్టుకుని చూశాను. మూడు వేళ్ళు దాటి దిగింది.

"వాతలు చీము పట్టాకైనా ఇక్కడికి తేవలసింది కదమ్మా. పది రోజుల్లో మానిపించేవాళ్ళం."

"ఎలగ తేను? ఆ కొయ్యూరు మనిసిని డాట్రుగారు అన్నప్పుడు నాను ఆ స్తంబం కాడే కూకున్నాను. కాల్సిన వంకాయన్నారు. నువ్వు తల్లివా అన్నారు." ఒళ్ళో బూట్లు సర్దుకుంది. "నన్నంటే పడతాను. ఈడు ఇంటాడు గదా."

వెనక్కి చూస్తే డాక్టరుగారు గుమ్మంలో నిలబడి ఉన్నారు. ఎంతసేపటి నుంచి ఉన్నారో తెలియదు. పైడమ్మ లేచి, తిట్లకి సిద్ధపడి, కొడుక్కి అడ్డంగా నిలబడింది.

ఆయన బండి దగ్గరికి వచ్చారు. పిల్లవాణ్ణి తనే ఎత్తుకుని లోపలికి తీసుకెళ్ళారు. మామూలుగా కట్లు కట్టడం నా పని. ఆ రోజు నన్ను పక్కకి జరగమని తనే కడిగి కట్టారు. వాడు కేక పెట్టలేదు. "సార్" అన్నాడు, అంతే. డాక్టరుగారి చెయ్యి ఒక్క క్షణం ఆగి మళ్ళీ కదిలింది.

పైడమ్మ గుమ్మం దగ్గర ఎదురుచూస్తూనే ఉంది. ఆయన తిడతారని, తిట్టేస్తే అయిపోతుందని. తిట్లు రాలేదు. అవి రాకపోవడంతోనే ఆమెకి తను చేసిందేమిటో పూర్తిగా అర్థమైందనుకుంటాను. మెట్ల మీద కూర్చుని, ఆ బూట్లలోంచి గుడ్డపేలికలు ఒక్కొక్కటే తీసి పక్కన పెట్టింది.

ఆ తర్వాత మా డాక్టరుగారు వరండాలో ఎవర్నీ గట్టిగా అనలేదు. పదవీ విరమణ దాకా. అది మంచి మార్పే. కానీ ఎవరి ఖర్చుతో వచ్చిందో ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు.

అమ్మాయీ, నీకు ఒక్క మాట. మందు ఇచ్చాక "సరిగ్గా వాడుతున్నారా" అని అడగకు, అందరూ వాడుతున్నామనే అంటారు. "ఇంకా ఏమేం చేస్తున్నారు" అని అడుగు. అడిగేటప్పుడు నీ ముఖంలో కోపం లేకుండా చూసుకో. ప్రేమ ఎక్కువగా ఉన్న తల్లి మందుతో ఊరుకోదు, దానికి ఏదో ఒకటి తన చేత్తో కలుపుతుంది. నిర్లక్ష్యం చేసే తల్లిని కనిపెట్టడం తేలిక. ఇలాంటి తల్లిని కనిపెట్టడమే కష్టం. ఈ ఉద్యోగంలో నేను నేర్చుకున్నదంతా కలిపితే ఇదే.

వాతలు మానాయి. మళ్ళీ క్వినైన్ మొదలుపెట్టాం. ఈసారి పైడమ్మ ఒక్క రోజూ మానలేదు. తర్వాతి వేసవికి బల్ల పూర్తిగా పోయింది. అప్పటికి దానివల్ల ఎవరికీ ఏ ఉపయోగమూ లేదు. మా డాక్టరుగారు వేరే ఇంగ్లీషు బడుల గురించి చెప్పి చూశారు. పైడమ్మ విని తల ఊపేది. చెరుకు తోటలోకి వెళ్ళిపోయేది.

మళ్ళీ అదే వరండా

నేను మానేయడానికి కొద్ది వారాల ముందు సిపాయిల్ని చేర్చుకునే పార్టీ ఊరికి వచ్చింది. ఒళ్ళు పరీక్షలకి మా వరండానే ఇచ్చారు. కొత్తగా వచ్చిన డాక్టరుగారు చూస్తుంటే, పార్టీతో వచ్చిన హవల్దారు పక్కన నిలబడి పేర్లు పిలుస్తున్నాడు. నాకు సరిగా వినిపించడం మానేసి అప్పటికే చాలాకాలమైంది, అందుకని కొలతల బద్ద పట్టుకుని ఓ పక్కన నిలబడ్డాను.

పద్దెనిమిదేళ్ళ వాడు ఒకడు నా ముందుకి వచ్చి బూట్లు దగ్గరగా చేర్చాడు. ఈసారి బూట్లు సరిపోయాయి. చొక్కా విప్పాడు. డొక్క కింద తెల్లగా, వెడల్పుగా సాగిన మూడు మచ్చలు. ఒళ్ళుతో పాటు అవీ పెరిగాయి.

"బాగున్నారేటండి, నర్సమ్మా?" అని గట్టిగా అడిగాడు, నా చెవుల సంగతి ఊరందరికీ తెలుసు కనుక.

"అమ్మకి చెప్పావా?" అన్నాను.

తల అడ్డంగా ఊపాడు. "అమ్మే గదండీ ఏటి ఒడ్డున పరిగెట్టించినాది. ఆ బూట్లేసిననాడే నాను సిపాయినైపోనాను. తర్వాత ఎవరు ఇప్పినా అది పోనేదు."

హవల్దారు వంగి ఆ మచ్చలు చూశాడు. అతను వేలితో ఒకసారి తట్టి, నవ్వి, ఏదో అన్నాడు. వెనకున్న కుర్రాళ్ళు కూడా నవ్వారు. నేను అప్పలనాయుడి వైపు చూస్తే, నాకు వినిపించేలా వాడే చెప్పాడు. "తుపాకీ మొయ్యడానికి మచ్చలు అడ్డం రావంటన్నాడు."

ఎవరు చెప్పారో, పైడమ్మ చెరుకు కత్తి చేతిలో ఉండగానే వచ్చేసింది. మెట్లు ఎక్కలేదు. కింద నిలబడి నన్ను సైగ చేసి పిలిచింది. దిగి వెళ్ళాను. ఏదో అడిగింది. నాకు వినిపించలేదు. కుడి చెవి ఆమె వైపు తిప్పి మళ్ళీ అడగమన్నాను. ఆమె గొంతు పెంచలేక పెంచింది. వరండా మీద వాళ్ళంతా ఇటు తిరిగారు.

"పనికొచ్చేసినాడా?"

"పనికొచ్చాడు," అన్నాను.

ఆరేడేళ్ళ కింద ఈ ఒక్క మాట కోసమే ఆమె రోజూ పొద్దున్నే వాణ్ణి ఏటి ఒడ్డుకి తీసుకెళ్ళింది.

కత్తి మెట్టు మీద పెట్టి, నా రెండు చేతులూ పట్టుకుంది. నా చేతుల్ని తన చేతుల్లో వేసి రుద్దసాగింది. మొదట ఎందుకో అర్థం కాలేదు. వెచ్చబెడుతోంది.

"ఓపాలి బల్ల సూడమ్మా. రెండేల్లయినా ఉంటాది. నాను మొన్న ఆడు పడుకున్నప్పుడు సూసినాను, నాకేటీ తగల్నేదు. నీ సెయ్యి వేరు గదా. నీకు తగులుతాది. సూసి ఆ కొత్త డాట్రుగారికి సెప్పు."

వాడు పైనుంచి వింటున్నాడు. వెళ్ళి పరీక్ష చేసే బల్ల మీద వెల్లకిలా పడుకుని, ఎవరూ చెప్పకుండానే మోకాళ్ళు మడిచి, నోరు తెరిచి ఊపిరి తీశాడు. చిన్నప్పుడు నేను నేర్పినట్టే. నేను మచ్చల కింద, డొక్క అంచు లోపలికి వేళ్ళు ఆనించాను. మెత్తగా, సమంగా, ఆరోగ్యంగా ఉంది. ఇంకొంచెం లోపలికి నొక్కాను. మళ్ళీ ఊపిరి తీయమన్నాను.

పైడమ్మ మెట్ల కింద నుంచి నా ముఖమే చూస్తోంది.

చాలాసేపు వెతికాను. అక్కడ ఏమీ లేదు.